పురీషనాళంలో జిస్ట్: కత్తి కంటే ముందు మాత్ర

పురీషనాళంలో గడ్డ అనగానే మనసు మామూలు పెద్దపేగు క్యాన్సర్ మీదికే పోతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి చూపించుకున్న మా బాబాయిగారి విషయంలో మేమూ అదే అనుకున్నాము. తేలినది మాత్రం జిస్ట్ (గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్), అంటే పేగు గోడలో ఉండి దాని కదలికలను నడిపించే కాహాల్ కణాల కోవకు చెందిన కణితి. ఇది ఎక్కువగా జీర్ణాశయంలోనూ, ఆ తర్వాత చిన్నపేగులోనూ పుడుతుంది. పురీషనాళంలో పుట్టేవి మొత్తం జిస్టులలో నూటికి 5 వరకే ఉంటాయి.

ఈ కణితి లోపలి పొర కింద, కండరంలో పెరుగుతుంది కనుక కొలొనోస్కోపీలో గిల్లి తీసిన ముక్కలో పై పొర మాత్రమే వచ్చి, రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని రాశారు. డాక్టరుగారి వేలికి మాత్రం నునుపైన గట్టి గడ్డ స్పష్టంగా తగులుతోంది. అందుకే ఆ రిపోర్టుతో ఆగక ఎమ్మారై తీయించి, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిని గడ్డలోకే దింపి మళ్ళీ ముక్క తీశారు. మైక్రోస్కోపు కింద కదురు ఆకారపు కణాలు కనిపించాయి. మామూలు కండర కణితిలోనూ, నరాల కణితిలోనూ అటువంటివే ఉంటాయి కాబట్టి, జిస్ట్ కణాల్లో ఉండే ప్రోటీన్లను రంగుతో పట్టి చూపే సీడీ117, డాగ్1 పరీక్షలు రెండూ పాజిటివ్ వచ్చాకే పేరు ఖాయమైంది. జన్యుపరీక్షలో కిట్ అనే జన్యువులోని 11వ ఎక్సాన్ అనే భాగంలో మార్పు ఉందని తెలిసింది. ఈ కణితిని పెంచే కిట్ ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు బాగా లొంగేది ఈ రకమే.

గడ్డ, మలాన్ని ఆపి ఉంచే మలద్వారపు కండరాన్ని ఆనుకొని ఉంది. వెంటనే కోస్తే ఆ కండరం కూడా పోతుందన్నారు. “ఇక మలం కోసం పొట్టకు సంచి తగిలించుకునే బతకాలా, అబ్బయా?” అని బాబాయిగారు నన్ను అడిగారు. సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు కలిసి కూర్చొని, ముందు మాత్రతో గడ్డను కుదించి ఆ తర్వాతే కోయాలని నిర్ణయించారు. చికిత్స మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఆ నిర్ణయమేనని నా నమ్మకం. రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బేది, రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. పిన్ని ఒత్తుతూ కూర్చునేవారు. కొన్ని నెలలకు ఎమ్మారైలో గడ్డకూ కండరానికీ మధ్య ఎడం కనిపించింది. ఆపరేషన్‌లో గడ్డ చిట్లకుండా, చుట్టూ కొంత మంచి కండతో సహా తీశారు. జిస్ట్ లింఫు గ్రంథులకు పాకడం అరుదు కనుక వాటి జోలికి పోలేదు. సంచి అవసరం రాలేదు.

తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఆపరేషన్ అయ్యాక కూడా మాత్రను కనీసం 3 ఏళ్ళు వాడాలి. బాబాయిగారు ఆ కోవలోనే ఉన్నారు. ఇమాటినిబ్ తాలూకు ఒక స్ఫటిక రూపానికి పేటెంట్ ఇవ్వడానికి ఇదే చెన్నైలోని పేటెంట్ కార్యాలయం 2006లో నిరాకరించింది. పేటెంట్ అడిగిన నోవార్టిస్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 2013 ఏప్రిల్ 1న అక్కడా ఓడిపోయింది. పేటెంట్ అడ్డు లేక మన దేశంలో ఇతర కంపెనీలు తయారుచేసే ఇమాటినిబ్ తక్కువ ధరకు దొరుకుతున్నందువల్లనే మా కుటుంబం నెలనెలా ఆ మాత్రలు కొనగలుగుతోంది.