కొల్లేరు ఎక్కడుందండీ?

ఏలూరులో కైకలూరు బస్సెక్కిన కొత్తవాళ్లు దారిలో ఈ మాట అడగడం మామూలే. అప్పటికి బస్సు కొల్లేరు మధ్యలోంచే పోతుంటుంది! వేసవిలో అయితే వాళ్లననడానికేం లేదు. ఒకపక్క చేపల చెరువుల గట్లు, ఇంకోపక్క కిక్కిస గడ్డి, ఎండి బీటలు తీసిన నేల. హుస్సేన్‌సాగర్‌లా ఒక గట్టు మీద నిలబడి ఇదీ సరస్సు అని చూపించడానికి వీల్లేదు.

మా అత్తగారిది ఇక్కడి లంక ఊరు. కాపురానికొచ్చిన కొత్తలో మా మామయ్యగారు చెప్పారు, "నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడమ్మా, అప్పుడు తెలుస్తుంది కొల్లేరు" అని. వచ్చే దారులు బోలెడు. విజయవాడ వైపు నుంచి బుడమేరు, ఏలూరు మీదుగా తమ్మిలేరు, ఇంకా రామిలేరు, గుండేరు, ఇవి చాలక డెల్టా డ్రెయిన్లు. పోయే దారి మాత్రం ఉప్పుటేరొక్కటే. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీదుంటే నీళ్లు దిగవు. వేసవిలో ఉప్పునీరే ఎదురెక్కి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది కదా, ఆ నీళ్లే తర్వాత మా వైపు దిగి, కైకలూరు రోడ్డు మీద పారాయి. ఆకివీడు వైపు రైల్లో వెళ్తే ఉప్పుటేరు వంతెన వస్తుంది, కిటికీ పక్కన కూర్చోండి.

పక్షులకైతే ఆటపాక. కైకలూరుకి ఆనుకునే ఉంటుంది. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెట్టుకోవడానికి అటవీశాఖవాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. పక్షికి ఇనప మంచెలేంటి అని నవ్వొచ్చింది మొదట చూసినప్పుడు. వాటికేం పట్టింపు లేదు, కిక్కిరిసి ఉంటాయి. చలికాలంలో వెళ్లాలి, అదీ పొద్దున్నే.

1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ సంగతి మా ఇంట్లో భోజనాల దగ్గర ఎత్తకూడదు. పక్షులు బాగుండాలంటాను నేను. మరి ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అభయారణ్యం హద్దు అదే) లోపల పుట్టినవాళ్లు ఏం తినాలంటారు మా మరిది. ఇద్దరం ఒప్పుకునేది ఒక్కటే, గుర్రపుడెక్క తీయించాలి.

అసలు కొల్లేటివాళ్లకి పెద్ద గుర్తు కొల్లేటికోట పెద్దింట్లమ్మ. ఫాల్గుణంలో జాతర. ఒకప్పుడు పడవల మీదే వెళ్లేవారట. గజపతుల కాలంలో ఇక్కడ కోట ఉండేదని, శత్రువులు దాన్ని పట్టుకోవడానికి కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయేలా కాలవ తవ్వారని, ఆ పోరులో ఒక సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడని కథ. అందుకే ఉప్పుటేరుకి పేరంటాళ్ల కనమ అని కూడా పేరు. మా అత్తయ్య ఈ కథ చెబుతూ ఆ తండ్రిని తిట్టకుండా ముగించరు.

దోనెలు ఇప్పుడు తగ్గాయి. తాటిమాను తొలిచి చేసిన దోనెలో గెడ వేసుకుంటూ మావులు (చేపలు పట్టే బుట్టలు) ఎత్తడానికి వెళ్లేవాళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తారు. చేపలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. రోడ్డు పక్కన కొల్లేటి చేపలని అమ్మేవాటిలో చెరువు బొచ్చెలు, శీలావతులే ఎక్కువ. కొర్రమీనో ఇంగిలాయో కావాలంటే పొద్దున వలలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్లి అడగండి. పులుసు మట్టిదాకలో పెడితే సరి, మర్నాటికి ఇంకా బాగుంటుంది.