కంబాలకొండ నుంచి భీమిలి తీరం దాకా

మా ఎనిమిదో తరగతి పిల్లలను విశాఖపట్నం దగ్గరి కంబాలకొండ అడవి, భీమిలి తీరం చూపించే శిబిరానికి తీసుకెళ్తామని చెప్పగానే తల్లిదండ్రులు ముందుగా అడిగింది మరుగుదొడ్ల గురించే. ఆడపిల్లల తల్లులకైతే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికే వరకు మిగతా మాటలేవీ చెవికెక్కలేదు. న్యాయమైన ప్రశ్నే. నేనూ మా వ్యాయామ ఉపాధ్యాయురాలూ ముందే వెళ్లి చూసి వచ్చాం. భీమిలి వైపు ఒక సరుగుడు తోట పక్కన గుడారాలు, వాటికి కాస్త ఎడంగా స్నానాల గదులు, రాత్రంతా వెలిగే దీపాలు. ప్రతి తలుపు గడియా వేసి, తీసి, లాగి చూశాం. ఆ సంగతి చెప్పాకే సంతకాలు వచ్చాయి. బడి బయటి చదువు ఎంత మంచిదైనా, గడియ పడని తలుపున్న చోటికి ఆడపిల్లను పంపమని ఏ తల్లినీ అడగలేం. శిబిరాలు నడిపేవాళ్లు తాళ్ల వంతెనల కంటే ముందు ఈ విషయం చూసుకోవాలి.

మాది గాజువాక వైపు బడి. నేను చెప్పేది సాంఘిక శాస్త్రం. మా ఎనిమిదో తరగతి పిల్లల ఇళ్లలో చాలామంది ఉక్కు కర్మాగారంలోనో, ఓడరేవులోనో, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనో పని చేస్తారు. ఈ పిల్లలకు సముద్రమంటే ఆదివారం సాయంత్రం ఆర్కే బీచి, కొండంటే కైలాసగిరి మీద బొమ్మ రైలు. చుట్టూ కొండలే ఉన్న ఊళ్లో పుట్టి పెరుగుతూ కూడా ఆ కొండలు దేనితో తయారయ్యాయో చేత్తో తాకి చూసిన పిల్లలు తక్కువ. తరగతిలో శిలల పాఠం చెప్పేటప్పుడు నన్ను ఎప్పుడూ బాధించే విషయం అదే.

జనవరి నెల కనుక పొద్దున కాస్త చలిగానే ఉంది. బస్సు ఎన్ఏడీ కొత్త రోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక దాటి కంబాలకొండ గేటు దగ్గర ఆగింది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. చిరుతపులులు ఉన్న అడవి. ఆ మాట వినగానే వెనక వరుసలో గోల మొదలైంది. మాతో వచ్చిన అటవీ సిబ్బందిలో ఒక పెద్దాయన ఉన్నారు. పిల్లలు ఆయన్ను తాతా అనేశారు. ఆయన గొంతు పెంచలేదు. 'చిరుత మిమ్మల్ని చూస్తుంది గానీ మీకు కనబడదమ్మా. మాట తగ్గిస్తే మిగతావైనా కనబడతాయి' అన్నారు. లోపలికి కొంత దూరం నడిచేసరికి లారీల మోత సన్నబడింది, పిల్లల మాటలూ తగ్గాయి.

మొదట కనబడింది చీమల గూడు. పచ్చి ఆకులను దగ్గరకు లాగి, అంచులు కలిపి ఎర్రచీమలు కుట్టుకున్న గూడు. శిబిరం తరఫున వచ్చిన యువకుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివినవాడు. చీమల గురించీ బాగానే చెప్పాడు. పెద్ద చీమల దగ్గర దారం ఉండదు. అవి తమ పిల్ల పురుగులను నోట కరచుకుని ఆకు అంచుల మధ్య ఇటూ అటూ తిప్పుతాయి, ఆ పురుగుల నుంచి వచ్చే పట్టుదారంతోనే ఆకులు అతుక్కుంటాయి. పిల్లలు వంతులవారీగా వంగి చూశారు. ఒకడు వేలు పెట్టి కుట్టించుకున్నాడు, ఏడవలేదు.

ఆ తర్వాత వాగు ఒడ్డున విరిగి పడిన ఒక రాతి పలక దగ్గర ఆ శిబిరం యువకుడు మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. పైకి చూస్తే మట్టిరంగు రాయి, మామూలు రాయే. విరిగిన వైపు నీళ్లు చల్లి, చేతికి భూతద్దం ఇచ్చాడు. తెల్లటి, బూడిదరంగు చారల మధ్య ముదురు ఎరుపు గింజలు కనబడ్డాయి, దానిమ్మ పండు విప్పినట్టు. గార్నెట్ అనే ఖనిజం అది. రాయి పేరు ఖొండలైట్. సింహాచలం కొండ, కైలాసగిరి, ఓడరేవు పక్కన డాల్ఫిన్స్ నోస్, అన్నీ ప్రధానంగా ఈ రాయేనని చెప్పాడు. ఒకప్పటి మట్టి, ఇసుక పొరలు భూమి లోతుల్లోకి దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ మారిపోయి ఇలా అయ్యాయట. రూపాంతర శిల అని నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో. ఆ రోజు భూతద్దం నా వంతు వచ్చినప్పుడు పిల్లల కంటే ఎక్కువసేపు నేనే పట్టుకున్నాను.

తాళ్ల వంతెన, పడవ షికారు కూడా అయ్యాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. వాటి గురించి ఇంతకంటే రాయడానికి లేదు.

శిబిరంలో ఫోన్లు ఒక పెట్టెలో పెట్టించారు. మొదటి గంట కొందరి చేతులు ఊరికే జేబులు తడుముకున్నాయి. రాత్రి అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, అప్పడాలు. ఇంట్లో వంకాయ ముట్టని పిల్లలు కూడా రెండోసారి వేయించుకున్నారు. తిన్నాక వంట చేసిన ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ అడగకుండానే ఆకాశంలో గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపులను చూపించింది. పొద్దుపోయాక చేపల వేటకు వెళ్లే తన తండ్రి వీటిని చూసి వేళ ఎంతైందో చెప్పేవాడని అంది. మా గాజువాక వెలుగుల్లో ఇవి ఇంత స్పష్టంగా కనబడవు. శిబిరం వాళ్ల పట్టికలో లేని ఈ పాఠం నాకు ఎంతో నచ్చింది. అలాంటి మనిషిని వంటశాలకే పరిమితం చేయకుండా, పిల్లల ముందు కూర్చోబెట్టి మాట్లాడించాలని నిర్వాహకులతో చెప్పాను.

మరునాడు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు ఇది. సినిమా పాటల్లో చూశాం టీచర్ అన్నారు పిల్లలు. పాటల్లో కనబడనిది అడుగున ఉంది. వానలు కోసిన లోతైన చీలికల్లోకి దిగితే రెండు పక్కలా ఎర్రటి గోడలు. చేత్తో రాస్తే వేళ్లు ఎర్రబడతాయి. ఇసుక రేణువు మీద ఇనుప ఆక్సైడు పూతలా పట్టడం వల్ల ఆ రంగు. ఇంత ఇసుక ఇక్కడికి ఎలా వచ్చింది? సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో, ప్రపంచమంతటా సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగిపోయింది. నీరు వెనక్కి తగ్గి బయటపడిన నేల మీది ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోగుచేసిందని ఆ యువకుడు చెప్పాడు. గట్టెక్కి సముద్రం వైపు చెయ్యి చాపి, అప్పటి ఒడ్డు ఎంతో లోపల ఉండేదని చూపిస్తే, పిల్లలు అలలకు అవతల ఆ ఒడ్డు కోసం వెతికారు.

దిబ్బల అంచున ఒకచోట యంత్రాలతో చదును చేసిన నేల కనబడింది. నాకు కడుపు మండిపోయింది. వేల ఏళ్లు గాలి పేర్చిన దాన్ని ఒక్క రోజులో తోసేసి, ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా మళ్లీ పేర్చలేం. పిల్లలకూ ఆ మాటే చెప్పాను, మెత్తగా చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక గోస్తని సముద్రంలో కలిసే చోటికి, భీమిలికి వెళ్లాం. అక్కడ ఒడ్డు వెంట ఇసుకలో నల్లటి చారలున్నాయి. పిల్లలకు తలా ఒక అయస్కాంతం, చిన్న కాగితం ముక్క ఇచ్చారు. నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పితే రేణువులు ముళ్లలా నిలబడి అంటుకున్నాయి. అంటుకోకుండా కాగితం మీద మిగిలిన వాటిని భూతద్దం కింద పెట్టారు. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి అందరికంటే ఎక్కువసేపు వంగి చూసి, తల ఎత్తి, 'అన్నా, ఇవి నిన్న రాయిలో ఉన్న ఎర్ర గింజలే కదా?' అని అడిగింది.

అవును, అవే. ఖొండలైట్ ఎండకూ వానకూ శిథిలమైపోతుంది, గట్టి గార్నెట్ మాత్రం మిగులుతుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా ఇక్కడికి వస్తుంది. దారి పొడవునా కొండల పొడిని మోసుకొస్తుంది. అలలు తేలిక రేణువులను ఈడ్చుకుపోతే బరువైనవి ఒడ్డున చారలు కడతాయి. బొర్రా చూసి వచ్చిన పిల్లలు వెంటనే లెక్కలు మొదలుపెట్టారు. ఈ గింజ అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుంది, నిన్న కంబాలకొండలో చూసిన గింజ ఏ వాగు గుండా సముద్రం చేరుతుంది అని ఒకటే వాదన. నేను మధ్యలోకి వెళ్లలేదు. కొండ, నది, తీరం అని మూడు వేరు వేరు పాఠాలుగా చెబుతూ వచ్చినదాన్ని ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో కలిపేసింది. ఇంటికి తీసుకెళ్తామని కొందరు జేబులు నింపబోతే, ఆ యువకుడు అందరి కాగితాలూ అక్కడే దులిపించాడు. మంచి పని చేశాడు.

తిరిగి వచ్చే రోజు పొద్దున తీరంలో అటవీ శాఖ వారి తాబేళ్ల సంరక్షణ కేంద్రం చూశాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకు వచ్చి ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా వాటిని తెచ్చి, కంచె లోపల ఇసుక గుంటల్లో పాతిపెడతారు. ఒక్కో గుంటకు ఒక పుల్ల, దాని మీద తేదీ. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయని విని మా అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

మేం చూసిన గుంటల్లో గుడ్ల నుంచి పిల్లలు బయటికి వచ్చేది మార్చిలో. రుసుము కట్టలేక కొందరు, ఇంట్లో ఒప్పుకోక కొందరు ఈసారి ఆగిపోయారు. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే రోజుల్లో వాళ్లను ఒక్క పూటైనా తీసుకెళ్లాలని ప్రధానోపాధ్యాయుల ముందు కాగితం పెట్టాను. బస్సు ఖర్చులో సగం ఉపాధ్యాయులం వేసుకుంటామన్నాం. మిగతా సగం గురించి ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశంలో అడుగుతున్నాం. అక్కడ మాట్లాడేది నేను కాదు, గార్నెట్‌ను గుర్తుపట్టిన ఆ అమ్మాయి.