ఒంగోలు నుంచి వీఎఫ్ఎక్స్ ఇంటర్న్‌షిప్‌కి: రోటో టెస్టు, షోరీల్, లాగ్‌బుక్

ఒంగోలులో డిగ్రీ చదువుతూ వీఎఫ్ఎక్స్ స్టూడియోలో ఇంటర్న్‌షిప్ చేయాలనుకుంటే, ఏ డిపార్ట్‌మెంట్‌కి అడుగుతున్నామో ముందే తేల్చుకోవాలి. నేను వెళ్లింది రోటోకి. కంపోజిటింగ్, లైటింగ్, ఎఫ్ఎక్స్ అన్నీ కాస్త కాస్త వచ్చని రాసిన దరఖాస్తు కంటే, నాలుగు సెకన్ల షాట్‌కి అంచు వణక్కుండా మ్యాట్ (విడదీసిన ఆకారం తెల్లగా, మిగతాది నల్లగా ఉండే బొమ్మ) తీసి పంపిన దరఖాస్తుకి విలువెక్కువ. ఇంటర్న్ చేతిలో తరచుగా మొదట పెట్టే పని అదే. షాట్‌లో ఉన్న మనిషినో వస్తువునో ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వెనకున్న దృశ్యం నుంచి విడదీయడమే రోటో.

సాధనకి స్టూడియో ప్లేట్లు (ఎఫెక్టులు చేర్చని అసలు షాట్లు) మన చేతికి రావు కాబట్టి ఫోనుతోనే తీసుకోవాలి. మన దగ్గర అందుకు మంచి సరుకే ఉంది. కొత్తపట్నం తీరంలో లుంగీ కట్టుకుని పడవల పక్కగా నడిచే మనిషి ఒక షాట్, పక్క నుంచి తీసిన ఒంగోలు గిత్త నడక ఇంకొకటి. కెమెరా యాప్‌లో ప్రో మోడ్ పెట్టి సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 ఉంచాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు, అందుకే నడిమధ్యాహ్నం 1/50 పెడితే ఇసుకంతా తెల్లగా మాడిపోతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయండి. స్టెబిలైజేషన్ ఆపేయాలి. అది ప్రతి ఫ్రేమునీ కొంచెం జరిపి, సాగదీస్తుంది. తర్వాత అదే షాట్‌కి మ్యాచ్‌మూవ్ (అసలు కెమెరా కదలికను కంప్యూటర్‌లో తిరిగి కట్టడం) చేద్దామంటే ఆ లెక్క, అంటే కెమెరా సాల్వ్, సరిగా కుదరదు.

ఫోను వీడియోలో ఫ్రేముల వేగం మధ్యమధ్య మారుతుంటుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25కి మార్చి, ఆ తర్వాత పీఎన్‌జీ సీక్వెన్స్‌గా, అంటే ఫ్రేముకో బొమ్మ ఫైలుగా తీయాలి. నంబరు 1001 నుంచి మొదలుపెట్టండి. ఎడిటింగ్‌లో షాట్ ముందు భాగం పెరిగినా నంబర్లు సున్నా కిందికి పోకుండా స్టూడియోల్లో ఇలాగే పెడతారు. సాధనకి 100 ఫ్రేములు చాలు. స్టూడియోలో 2కే ప్లేట్ 16 బిట్ ఈఎక్స్‌ఆర్ బొమ్మ ఫైలు అయితే కుదించకుండా ఒక్క ఫ్రేమే 13 ఎంబీ దాకా ఉంటుంది. ఇంట్లో హెచ్‌డీ పీఎన్‌జీలైతే మామూలు ల్యాప్‌టాప్ తట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. బ్లెండర్ ఉచితం. న్యూక్ నాన్‌కమర్షియల్ కూడా ఉచితమే, దాంట్లో అవుట్‌పుట్ 1920×1080 దాటదు. స్టూడియోలో సిల్హౌట్ అనే రోటో సాఫ్ట్‌వేర్ ఇచ్చినా గీత గీసే పద్ధతి మారదు.

గిత్త షాట్‌నే తీసుకుందాం. ఒకే గీతతో ఒళ్లంతా చుట్టేస్తే పదో ఫ్రేముకే చేతులెత్తేయాలి. తల, కొమ్ములు, మెడ, మూపురం, గంగడోలు, నడుం, తోక వేరువేరు షేపులు. ప్రతి కాలికీ మళ్లీ తొడ, మోకాలి కింది భాగం, గిట్ట. పక్కపక్క షేపులు కీలు దగ్గర ఒకదానిమీద ఒకటి బాగా ఎక్కాలి, లేకపోతే కాలు మడిచినప్పుడు మ్యాట్‌లో చిల్లు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో నడుం మీద ట్రాకర్ (కదలికను తానే వెంటాడే సాధనం) పెట్టి ఆ కదలికను షేపుకి ఇస్తే సగం పని తగ్గుతుంది. ఆ తర్వాత కదలిక దిశ మారే ఫ్రేముల్లో, అంటే గిట్ట నేల తాకినప్పుడూ కాలు బాగా వెనక్కి వెళ్లినప్పుడూ మాత్రమే కీ (షేపు ఎక్కడుండాలో మనం పెట్టే గుర్తు, మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్ నింపుకుంటుంది) పెట్టాలి. రెండు కీల మధ్య సగానికి వెళ్లి చూసి, తప్పితేనే అక్కడ ఇంకో కీ. ప్రతి ఫ్రేముకీ కీ పెడితే ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము సరిగ్గానే కనిపిస్తుంది గానీ, ప్లే చేస్తే అంచంతా ఉడుకుతున్నట్టు కదులుతుంది. స్టూడియోలు పెట్టే రోటో టెస్టుల్లో తిరగ్గొట్టేది ఎక్కువగా దీనికే. పాయింట్లు తక్కువుండాలి, మొదట మోకాలి మీద పెట్టిన పాయింటు చివరిదాకా మోకాలి మీదే ఉండాలి.

వేగంగా ఊగే కాలికీ తోకకీ మోషన్ బ్లర్ ఉంటుంది. గీతను ఆ మసక బయటి అంచున కాదు, మధ్యలో గీసి, షేపుకి మోషన్ బ్లర్ ఆన్ చేసి షటర్ 0.5 ఇవ్వాలి. 25 ఫ్రేముల దగ్గర 1/50తో, అంటే ఫ్రేము కాలంలో సగానికి తీశాం కనుక ప్లేట్‌లోని మసకతో అది సరిపోతుంది. తోక చివరి వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా గీయక్కర్లేదు, గుబురుకి ఒక షేపు వేసి అంచు ఫెదర్ చేస్తే (మెత్తగా మసకబారిస్తే) చాలు.

పంపేముందు గిత్త వెనక ముదురు ఎరుపు రంగు పెట్టి అసలు వేగంతో ప్లే చేయండి. తెల్ల ఒంటి మీద ఎరుపులో ఏ లోపమూ దాగదు. తర్వాత ఆల్ఫా (మ్యాట్ ఉండే నలుపు తెలుపు ఛానెల్) ఒక్కటే చూస్తూ గామా (మధ్య ఛాయల వెలుతురు) బాగా తగ్గిస్తే లోపలి చిల్లులు బయటపడతాయి. ఫ్రేముల లెక్క, ఫైలు పేరు, వెర్షన్ నంబరు ప్లేటుతో సరిపోవాలి. ఒక్క ఫ్రేము తగ్గినా షాట్ వెనక్కొస్తుంది. ఇప్పుడు ఏఐ మాస్కులు క్షణాల్లో వస్తున్నాయి గానీ, వాటిలో చాలావాటికి సరిదిద్దుకునే షేపులుండవు. టెస్టులో షేపులున్న ప్రాజెక్టు ఫైలు కూడా అడుగుతారు.

షోరీల్ (మన పనిని చూపే చిన్న వీడియో) నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అన్నిటికంటే మంచి షాట్ మొదట రావాలి. ప్రతి షాట్‌కీ ప్లేట్, షేపుల గీతలు, మ్యాట్ వరుసగా చూపించి, మనం చేసిన పనేమిటో కింద రాయాలి. అందరి దగ్గరా ఉండే ట్యుటోరియల్ షాట్లు వద్దు. యానిమేషన్‌కి వెళ్లేవాళ్లు అదే గిత్త వీడియోని రెఫరెన్స్‌గా వాడుకోవచ్చు: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు, ఇదీ అడుగుల వరుస. గేముల వైపైతే వీడియో కంటే ఆడించగలిగే చిన్న బిల్డే ముఖ్యం. 2009 నుంచి ఏటా జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో చేరితే, జట్టుతో పూర్తిచేసిన గేము ఒకటి చూపించడానికి ఉంటుంది.

మనకి దగ్గరున్న స్టూడియోలు హైదరాబాదులోనూ చెన్నైలోనూ. రాత్రి సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు, చెన్నైకి పినాకిని ఉంది. ఇంటర్న్‌షిప్ ఇస్తామని డిపాజిట్ అడిగే చోటికి మాత్రం వెళ్లొద్దు.

కాలేజీ కాగితాల దగ్గరే అసలు చిక్కు. లాగ్‌బుక్‌లో రోజూ చేసిన పని రాయాలి, రిపోర్టుకి ఫొటోలూ అడుగుతారు. స్టూడియోలో మొదటిరోజే గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. పనిచేసే ఫ్లోర్‌లోకి ఫోనుగానీ పెన్‌డ్రైవ్‌గానీ రానివ్వరు. అందుకని రిపోర్టులో ఏం రాయొచ్చో ఆ రోజే హెచ్ఆర్‌ని అడిగి మెయిల్‌లో తెప్పించుకుని, కాలేజీ గైడ్‌కి చూపించాలి. సినిమా పేరు, షాట్ కోడు లేకుండా “ఇద్దరు ఎదురెదురుగా దాటే షాట్‌కి రోటో, 96 ఫ్రేములు. కరెక్షన్: మోచేతి దగ్గర అంచు వణుకు, మూడు కీలు తీసేయడంతో సరిపోయింది” అని రాస్తే గైడ్‌కి పని అర్థమవుతుంది, ఒప్పందమూ నిలుస్తుంది. ఫొటోల చోట ఇంట్లో చేసిన మన సొంత షాట్ల ఫ్రేములు పెట్టొచ్చు. సర్టిఫికెట్‌లో హాల్‌టికెట్ నంబరు, మొదలు, ముగింపు తేదీలు కాలేజీ ఇచ్చిన లెటర్‌తో కలవాలి, ఊరికి తిరిగొచ్చేముందే సరిచూసుకోండి.

స్టూడియోలో చేసిన షాట్ రీల్‌లో పెట్టాలంటే సినిమా విడుదలయ్యాక కూడా అనుమతి కావాలి. మెయిల్‌లో సినిమా పేరు, షాట్ నంబరు, అందులో మనం చేసిన పని, రీల్ ఎవరికి చూపిస్తామో రాసి అడగాలి. జవాబు రాతలో వచ్చేదాకా సొంత షాట్లతోనే రీల్ పంపండి.