శిక్ష అయిపోయాక కూడా ఓటు లేదా?

అమెరికాలో, ఇక్కడ ఫ్లోరిడా రాష్ట్రంలో, మా స్టోర్‌లో సరుకు సర్దే పెద్దాయన్ని ఈసారి ఓటేస్తున్నారా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడో కుర్రతనంలో డ్రగ్స్ కేసు. జైలు అయింది, ప్రొబేషన్ (జైలు బయట కోర్టు నిఘాలో ఉండే గడువు) కూడా అయింది. కోర్టు ఫీజులు ఇంకా బాకీ ఉన్నాయేమోనని అనుమానం. పర్సులోంచి నాలుగు మడతల రసీదు తీసి చూపించాడు. మడతల దగ్గర అంకెలు చెరిగిపోయాయి. "తేల్చుకోకుండా ఓటేస్తే మళ్ళీ కేసు పెడతారు, ఆ టెన్షన్ నాకెందుకు" అన్నాడు.

2018లో ఫ్లోరిడా జనం 64 శాతానికి పైగా ఓట్లతో రాష్ట్ర రాజ్యాంగానికి ప్రతిపాదించిన 'నాలుగో సవరణ'ను గెలిపించారు. హత్య, లైంగిక నేరాలు తప్ప మిగతా కేసుల్లో శిక్ష పూర్తయినవాళ్ళకి ఓటు తిరిగి రావాలన్నారు. మరుసటి ఏడాదే చట్టసభ మెలిక పెట్టింది: జరిమానాలు, ఫీజులు కడితేనే శిక్ష పూర్తయినట్టట! 2020లో అప్పీలు కోర్టు కూడా సరేనంది. ఎవరు ఎంత బాకీయో రాష్ట్రమంతటికీ ఒక్కచోట చూసుకునే లెక్క కూడా అప్పటికి లేదు.

ఇది నాకు అస్సలు మింగుడుపడట్లేదు. ఒకే నేరం, ఒకే శిక్ష. చేతిలో డబ్బున్నవాడికి ఓటు, లేనివాడికి లేదు. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో జైల్లో ఉన్నవాళ్ళు కూడా ఓటేస్తారు. మన ఇండియాలో మామూలుగా జైలు నుంచి బయటికొస్తే ఓటు ఉంటుంది (నేరం రుజువు కాని విచారణ ఖైదీలకి లోపలున్నంతకాలం లేకపోవడం ఇంకో అన్యాయం).

ఇక్కడ సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళు ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని వీసాలు, పన్నుల గురించే కాదు, దీని గురించి కూడా గట్టిగా అడగండి.