ఏవీటీఆర్ ముందు అద్దం ఐదోసారి కూడా కుదరలేదు

ఐదో అద్దం కూడా పోయింది. అతికించి గంట కాలేదు, కుడివైపు కింది మూల మళ్లీ లేచి కూర్చుంది. చాలా బాధేసింది, ఎందుకంటే నేను చేస్తున్న ఈ అశోక్ లేలాండ్ ఏవీటీఆర్ లారీ బొమ్మలో ఇక మిగిలింది ఆ అద్దం ఒక్కటే. ఛాసీ, పది టైర్లు, డీజిల్ ట్యాంకు, లైట్లు అన్నీ బాగా వచ్చాయి. ఛాసీ అతుకులకు అరాల్డైట్‌ని మించింది లేదని ఇంకోసారి తేలింది.

స్కేల్ 1:24, అంటే అసలు లారీలో 24వ వంతు. క్యాబిన్ వెడల్పు 100 మి.మీ., అద్దం ఈ అంచు నుంచి ఆ అంచుకు 96, ఎత్తు 33. ఫొటోల మీద కొలుచుకుంటే మధ్యలో 7 మి.మీ. ఉబ్బు రావాలి, అంటే ఆ వంపు వ్యాసార్ధం దాదాపు 168. మొదటి రెండూ కూల్‌డ్రింక్ సీసా ప్లాస్టిక్‌తో చేశాను, వేడి ఎక్కువై పాలలా తెల్లబడ్డాయి. మూడోది 1 మి.మీ. యాక్రిలిక్, ఫ్రేములో కూర్చోబెడుతుంటే మూల దగ్గర పుటుక్కుమంది. నాలుగు, ఐదు 0.75 మి.మీ. పెట్‌జీ షీటు, వేడికి వంగే పారదర్శక ప్లాస్టిక్. టేకు చెక్కతో అచ్చు చేసి, దానిమీద షీటు కట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో కాచి రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున విప్పగానే ఉబ్బు 6 ఉంది, రెండు గంటలకి 4.5కి దిగింది. అంటే వ్యాసార్ధం 258కి పోయింది! అలాంటిదాన్ని బలవంతంగా వంచి అతికిస్తే లేవక ఏం చేస్తుంది.

నా అనుమానాలు మూడు. డ్రయ్యర్ గాలి మధ్యలోనే బాగా తగిలింది, చివర్లు మెత్తబడనే లేదు, లేచేది ఎప్పుడూ మూలలే కాబట్టి ఇదే అసలు కారణం అనుకుంటున్నా. రెండోది, అచ్చు సరిగ్గా 7కే చేశాను, తిరిగి సాగుతుందని ముందే లెక్కేసుకుని 9కి చేయాల్సింది. మూడోది, పక్క స్తంభాల దగ్గర జిగురు పట్టే జాగా 2 మి.మీ. మాత్రమే. క్విక్ గ్లూ పెడితే గట్టిగానే పట్టేది గానీ అద్దం చుట్టూ తెల్లటి పొగ కమ్ముతుంది, అందుకని ఆరితే కనబడకుండా పోయే తెల్ల జిగురు వాడాను. దానికి అంత బలం లేదు.

రెండేళ్ల కింద చేసిన పాత లేలాండ్ కామెట్‌కి ఈ గొడవే లేదు. రెండు బల్లపరుపు ముక్కలు, పది నిమిషాల పని. అప్పట్లో చాలా లారీలు కంపెనీ నుంచి ఇంజన్, స్టీరింగ్, ముందు రేకుతో ఛాసీగా వచ్చేవి, క్యాబిన్ విజయవాడ ఆటోనగర్‌లోనో నామక్కల్‌లోనో కట్టించుకునేవాళ్లు. మనం 'లేలాండ్ అంటే ప్రాణం' అన్నప్పుడు ఆ ప్రేమలో సగం ఆ వడ్రంగులది, పెయింటర్లది కూడా అని నా నమ్మకం. ఫ్యాక్టరీ క్యాబిన్ వచ్చాక మెచ్చుకున్నా తిట్టుకున్నా అంతా కంపెనీ డిజైన్‌కే పోతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది, కాబట్టి పాత చెక్క క్యాబిన్ రోజులు ఇక రావు.

నాతోపాటు లారీ బొమ్మలు చేసే ఒక అన్న 2020లో ఏవీటీఆర్ వచ్చినప్పుడే 'ఇందులో లేలాండ్ ముఖం లేదు' అని కొత్త బండ్లు చేయడం మానేశాడు. ఇంకో తమ్ముడు టాటా మనిషి, పాత 1210 లారీని ఎంత ఇష్టంగా చేశాడో 2016లో వచ్చిన టాటా సిగ్నాని కూడా అంతే ఇష్టంగా చేశాడు. టాటా వాళ్లకి బండి రూపు మారడం అలవాటేమో, 1954 నుంచి 1969 వరకు మెర్సిడెస్ బెంజ్‌తో ఒప్పందం, అది అయిపోయి నక్షత్రం గుర్తు పోయినా బండి మీద జనం అభిమానం పోలేదు. నేను మొదట్లో అన్న పక్షమే. ఇన్ని వారాలు ఆ వంపు కొలిచాక మాత్రం ఈ ముఖం నాకు నచ్చడం మొదలైంది. అన్నకి చెప్పాను, ఒప్పుకోలేదు.

వచ్చే వారం అచ్చు 9 మి.మీ. ఉబ్బుతో, అంటే 132 వ్యాసార్ధంతో మళ్లీ చెక్కుతాను. ఈసారి డ్రయ్యర్ వద్దు, చిన్న ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు. స్తంభాల లోపల 3 మి.మీ. పట్టీ వేస్తే జిగురుకి జాగా దొరుకుతుంది. అద్దం కూర్చుంటే వెనక తొట్టి మొదలుపెడతా, దాని పక్క చెక్కల మీద రంగులు మాత్రం ఆటోనగర్ పద్ధతిలోనే వేస్తాను, తామరపువ్వుతో సహా.