నువ్వు ఆమెన్ అనలేదు

మావాడు అక్టోబరులో పుట్టాడు. టెక్సస్‌లో సర్కారు బడిలో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలి. అంటే నెల తేడాతో ఏడాది ఆగాలి. ఇంటికి దగ్గర్లో చర్చివాళ్లు నడిపే చిన్న బడి ఉంటే అందులో వేశాం. తరగతికి పదిమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, పొద్దున 9 నుంచి 1 దాకా. అలర్జీల భయంతో పల్లీలు రానివ్వరు కాబట్టి పల్లీలు లేని పులిహోర కట్టడం అలవాటు చేసుకున్నాను. అంతకుమించి దేని గురించీ ఆలోచించలేదు.

ఒకరోజు రాత్రి పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే వాడు నోరు తెరవలేదు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, అన్నం పెట్టిన దేవుడికి ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాడు. తర్వాత నావైపు చూసి, "అమ్మా, నువ్వు ఆమెన్ అనలేదు" అన్నాడు.

ఆ రాత్రి మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. బడి మాన్పిద్దామని ఆయన. బుధవారాలు చాపెల్, అంటే చర్చి ప్రార్థన, ఉంటుందని ఫారంలో స్పష్టంగా రాసే ఉంది, సంతకం చేసింది మనమే కదా అని నేను. టీచరుని అడిగితే, "ఇష్టం లేకపోతే ఊరికే కూర్చోమనండి" అంది మర్యాదగా. పదిమందిలో వాడొక్కడూ నోరు మూసుకుని కూర్చోవడం తలుచుకుంటేనే మనసొప్పలేదు.

బందరుకి ఫోన్ చేసి అమ్మ దగ్గర ఏడ్చాను. "మీ తాతయ్య చదివింది నోబుల్ స్కూల్లోనే కదే" అంది. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ పెట్టిన బడి అది. అక్కడ బైబిలు పాఠం విని, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని సంధ్యావందనం చేసుకునేవారట తాతయ్య. ఆ తర్వాత అమ్మ అడిగింది: "అన్నం ముందు చెప్పుకోవడానికి మీ ఇంట్లో ఏం నేర్పావే వాడికి?"

ఏమీ నేర్పలేదు. ఆయన లాప్‌టాప్ ముందు తింటారు, నేను పొయ్యి దగ్గర నిలబడి. దేవుడి అలమర వినాయక చవితికీ దీపావళికీ తప్ప తెరవం. వాడి నుంచి ఆ బడి తీసేసుకుందని నేను ఏడ్చింది నేనసలు ఇవ్వనే ఇవ్వని దాని కోసం.

ఇప్పుడు రాత్రిపూట ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం. చిన్నప్పుడు నాయనమ్మ నేర్పిన శ్లోకంలో సగం మర్చిపోతే అమ్మ వీడియో కాల్‌లో అందించింది. మావాడు తడబడుతూ అంతా చెప్పి, చివర్లో ఆమెన్ అంటాడు. ఆ మాటకి వాళ్ల నాన్న ఇంకా తలెత్తి నావైపు చూస్తారు. నేను మాత్రం దిద్దలేదు.