మూడో వలయంలో మేస్త్రి

"గట్లయితే నువ్వు జేసేది మన అంగన్‌వాడీ టీచరు పనే గదా బిడ్డా. దానికి లండన్ దాక పోవాల్నా?" అని అడిగింది అమ్మ.

మేముండేది లండన్ కాదు, లెస్టర్. రైల్లో గంటకు పైగా దూరం. పదేళ్లుగా చెబుతున్నా మా అమ్మకు ఇంగ్లండ్ అంటే లండనే. ఆమెకు తెలిసిన పరాయి ఊరు ఒక్కటే, అది బొంబాయి. దాన్ని కూడా ఇప్పటికీ ముంబై అనదు.

నేను చదువుతున్నది పిల్లలు, యువత, కుటుంబాలతో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన మూడేళ్ల డిగ్రీ. ఇప్పుడు చివరి ఏడు. అయిపోతే ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్‌గా చేరొచ్చు. ఇంట్లో ఏదో ఇబ్బంది మొదలైన కుటుంబానికి, అది ముదరకముందే వెళ్లి తోడుగా నిలబడే పని. బడికి రాని పిల్లాడు, డిప్రెషన్‌లో ఉన్న తల్లి, అప్పుల్లో ఉన్న తండ్రి, నిద్రపోని పసిబిడ్డ, ఇలాంటివి. సోషల్ వర్కర్ వేరు. ఆ పేరు పెట్టుకోవాలంటే ప్రత్యేకమైన డిగ్రీ ఉండాలి, రిజిస్టర్‌లో పేరుండాలి. మాకు అంత అధికారం లేదు. తలుపు తీయకపోతే తిరిగి రావాల్సిందే. ఇదంతా చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "అంగన్‌వాడీ టీచరే" అని తేల్చేసింది. తూకం, గుడ్డు, బాలింతలను చూసిరావడం, రిజిస్టర్లు. అంత తప్పేం కాదనిపించింది నాకు.

మాది మక్తల్ దగ్గర పల్లె. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టేది మా వైపే. అయినా మా చేలకు వానే దిక్కు. మా అమ్మానాయిన పాలమూరు లేబర్. ఆ రెండు మాటలు చాలు, మావైపు వాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. కూలీలను పోగుచేసి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చేవాడు, దసరా దాటాక బొంబాయి బస్సెక్కేవాళ్లు. నన్ను, తమ్ముణ్ణి అవ్వ దగ్గర వదిలిపెట్టేవాళ్లు. మళ్లీ పీర్ల పండుగకు వచ్చేవాళ్లు. ఆ పండుగ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అమ్మ వచ్చే రోజు కూడా ఏటా జరుగుతుండేది. చిన్నప్పుడు నాకు క్యాలెండర్ చూడటం వచ్చింది అలాగే.

డిగ్రీ మహబూబ్‌నగర్‌లో చదివాను. పెళ్లికి ముందు రెండు సీజన్లు, వలసపోయినవాళ్ల పిల్లల కోసం బడిలోనే నడిపే సీజనల్ హాస్టల్‌లో వాలంటీర్‌గా చేశాను. 2015లో మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాం. డిపెండెంట్ వీసా మీద పనిచేయొచ్చు, కానీ డిగ్రీలో చేరితే విదేశీ విద్యార్థి ఫీజు కట్టాలి. అంత డబ్బు లేదు. ఐదేళ్లు ఆగి, శాశ్వత నివాసం వచ్చాక ఇక్కడివాళ్ల ఫీజుకు, స్టూడెంట్ లోన్‌కు అర్హత వచ్చింది. 2022లో చేరేనాటికి ఆ ఫీజు ఏడాదికి 9,250 పౌండ్లు. ముప్పై నాలుగేళ్ల వయసులో అప్పు చేసి చదువా అని మా అత్తగారికి ఇప్పటికీ కొంచెం కినుకే.

ఆ ఐదేళ్లూ ఖాళీగా లేను. ఒక ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల్ని చూసుకునే పని. రోజుకు గంటా పావు. దానికి కూడా డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ, ఇండియా నుంచి పోలీసు సర్టిఫికెట్. పిల్లల ప్లేట్లలో బఠానీలు తినిపించడానికి పోలీసులా అని నవ్వుకున్నాను అప్పట్లో. ఇప్పుడు నవ్వు రాదు.

అక్కడ మూడో తరగతి పిల్లాడొకడు బ్రెడ్డు ముక్కలు ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు. శుక్రవారాలు ఎక్కువ. ఇక్కడ రెండో తరగతి దాకా పిల్లలందరికీ బడిలో ఉచిత భోజనం, 2014 నుంచి. ఆపైన ఇంటి ఆదాయం బట్టి. వాణ్ణి చూడగానే నాకు హాస్టల్ గుర్తొచ్చింది. అక్కడ మా పిల్లలు సాయంత్రం ఇచ్చే బిస్కెట్లు దాచి, ఊళ్లో ఒంటరిగా ఉన్న అవ్వలకు ఇచ్చి వచ్చేవాళ్లు. వీడు ఎవరి కోసం దాస్తున్నాడో అడిగేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ మాకు ఇచ్చిన శిక్షణ ప్రకారం తరచి తరచి అడగకూడదు. చూసింది చూసినట్టు ఫారంలో రాసి, పిల్లల భద్రత చూసే టీచర్‌కు ఇవ్వాలి. ఇచ్చాను. తర్వాత ఏమైందో నాకు చెప్పలేదు. ఎవరికి ఎంత తెలియాలో అంతే చెబుతారు. మొదట్లో కోపమొచ్చింది. కానీ ఈ పనే చదువుకోవాలని అనుకున్నది ఆ ఫారం రాసిన రోజే.

కోర్సులో మొదటి నెలలో పిల్లలకు జరిగే హాని నాలుగు రకాలని చెప్పారు. శారీరకం, మానసికం, లైంగికం, నిర్లక్ష్యం. నాలుగోదాని కింద ఉదాహరణలు చదువుతుంటే చెవులు వేడెక్కాయి. చలికి తగిన బట్టలు లేకపోవడం, బడి మానడం, చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలడం. ఇక్కడ ఫలానా వయసు దాకా వదలకూడదని చట్టంలో లేదు. ప్రమాదం ఉండేలా వదిలితే మాత్రం నేరం. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఎక్కువసేపు ఒంటరిగా ఉండే పరిపక్వత సాధారణంగా ఉండదని స్వచ్ఛంద సంస్థలు సలహా ఇస్తాయి. అవ్వ పత్తి ఏరడానికి పోతే ఆరేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటూ పొద్దంతా ఇంట్లో ఉన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఈ లెక్కన మా వాడవాడంతా ఫైళ్లు తెరవాలి.

ఆ వారం మేం రాసే జర్నల్‌లో ఇదే రాశాను, కాస్త కోపంగానే. మా ట్యూటర్ పక్కన ఒకే ఒక్క ప్రశ్న రాసింది: "ఆ పొద్దంతా నిన్ను ఎవరు చూసుకున్నారు?"

చాలామందే ఉన్నారు. ఎదురింటి సాలమ్మత్త మధ్యాహ్నం వచ్చి పొయ్యి ఆరిందో లేదో చూసేది. కిరాణం కొట్టాయన తమ్ముడు రోడ్డు మీదికొస్తే అరిచేవాడు. వాళ్లెవరికీ ఎవరూ ఆ పని అప్పజెప్పలేదు. ఇక్కడ ఒక కుటుంబం చుట్టూ టీచర్ని, నర్సుని, మమ్మల్ని కూర్చోబెట్టి ఆరు వారాలకోసారి మీటింగ్ పెడతారు. పల్లె అంటే బంగారమని నేననను. ఆ వాడలోనే పదిహేనేళ్లకు పెళ్లి చేసిన అమ్మాయిలున్నారు, వాళ్ల కోసం ఎవరూ అరవలేదు.

నన్ను ఎక్కువగా కుదిపింది బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ బొమ్మ. 1970లలో ఆ అమెరికా మానసిక శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం అది. నడిమధ్య పిల్ల, చుట్టూ ఒకదాని వెలుపల ఒకటి వలయాలు. మొదటి దాంట్లో ఇల్లు, బడి, దోస్తులు. రెండోది వాటి మధ్య సంబంధాలు. మూడోది విచిత్రమైంది. పిల్ల ఎన్నడూ అడుగుపెట్టని చోటు, కానీ పిల్ల బతుకును తేల్చే చోటు. పుస్తకాల్లో ఉదాహరణ తండ్రి ఆఫీసు. ఆ బయట చట్టం, ఆచారం, దేశం పరిస్థితి. ఎవరికి వాళ్లు తమ చిన్నతనాన్ని గీయమన్నారు. క్లాసులో అందరూ మూడో వలయంలో ఫ్యాక్టరీ, ఆస్పత్రి, అమ్మ షిఫ్టు అని రాస్తుంటే నేను మేస్త్రి అని రాశాను.

ఆయన్ని నేను జీవితంలో నాలుగైదుసార్లు చూసి ఉంటాను. తెల్ల ధోతి, చంకలో సంచి. ఆయన నాయినకిచ్చే అడ్వాన్స్ ఎంత అనేదాన్ని బట్టే ఆ ఏడు వాళ్లు ఎన్ని నెలలు ఉండాలో, నేను బడికి పోవాలో తమ్ముణ్ణి చూసుకోవాలో తేలేది. చివరి వలయంలో వాన అని రాశాను. ట్యూటర్ వచ్చి, మేస్త్రి అంటే ఎవరని అడిగింది. కాంట్రాక్టర్ అన్నాను, కాదు. అప్పిచ్చేవాడన్నాను, పూర్తిగా అదీ కాదు. మనూరాయనే, మా నాయిన ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

కోర్సులో భాగంగా చేయాల్సిన పని, అంటే ప్లేస్‌మెంట్, మాత్రం కుటుంబాలకు సాయమందించే ఒక కేంద్రంలో, ఫ్యామిలీ హబ్ అంటారు. అక్కడ నేర్చుకున్నది ముఖ్యంగా రాయడం. మొదటిసారి ఒక ఇంటికి వెళ్లొచ్చి "ఇల్లు మురికిగా ఉంది, తల్లి పట్టించుకోవడం లేదు" అని రాశాను. సూపర్‌వైజర్ రెండు మాటల కిందా గీత గీసి, "ఇది నువ్వు చూసింది కాదు, అనుకున్నది" అంది. మళ్లీ రాశాను. సింక్‌లో కడగని గిన్నెలు, ఫ్రిజ్‌లో పాలు, పిల్లకు శుభ్రమైన బట్టలు, మాట్లాడుతున్నంతసేపూ తల్లి చంకలోనే పిల్ల. రెండోది చదివితే అది వేరే ఇల్లు. ఆ కుటుంబం గురించి ఇంతకంటే రాయను, రాయకూడదు.

ఇక మనవాళ్ల భయాలు. బతుకమ్మ ఆడేందుకు హాల్లో కలిస్తే నేనేం చదువుతున్నానో తెలిసి ఒకామె పక్కకు పిలిచి, "అక్కా, ఒక్క దెబ్బేస్తే పిల్లల్ని తీస్కపోతరంట గదా?" అంది. తీసుకుపోరు. పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేయాలంటే తల్లిదండ్రులైనా ఒప్పుకోవాలి, కోర్టైనా చెప్పాలి. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే పోలీసులు తమ రక్షణలో ఉంచొచ్చు, అదైనా గరిష్ఠంగా 72 గంటలే. స్కాట్లండ్‌లో 2020లో, వేల్స్‌లో 2022లో పిల్లల్ని కొట్టడాన్ని పూర్తిగా నిషేధించారు. ఇంగ్లండ్‌లో "సహేతుకమైన దండన" అనే సాకు చట్టంలో ఇంకా మిగిలే ఉంది. వాత తేలితే మాత్రం ఆ సాకు పనిచేయదు. ఇదంతా చెప్పాక ఆమె "అయితే కొట్టొచ్చన్నమాట" అంది. నేను తల పట్టుకున్నాను.

ఇంకొకాయన తన అన్న మనవరాలిని ఊరి నుంచి తెచ్చి ఇక్కడ చదివిద్దామనుకుంటున్నానని చెప్పాడు. మనకు మామూలే. పట్నంలో ఉన్న చుట్టాలింట్లో ఉండి చదువుకున్నవాళ్లు పాలమూరులో ఎంతమందో. నేను మాత్రం వెంటనే సరే అనలేకపోయాను. విక్టోరియా క్లింబియే అనే పిల్లను ఐవరీ కోస్ట్ నుంచి తల్లిదండ్రులు మంచి చదువు కోసమే బంధువు వెంట పంపారు. ఆ బంధువు తండ్రికి పిన్ని వరస. 2000 ఫిబ్రవరిలో లండన్‌లో, ఎనిమిదేళ్ల వయసులో ఆ పిల్ల చనిపోయింది. ఒంటిమీద 128 గాయాలు. ఆస్పత్రులు, కౌన్సిళ్లనే స్థానిక ప్రభుత్వాలు, పోలీసులు అందరూ ఆ పిల్లను ఎప్పుడో ఒకప్పుడు చూసినవాళ్లే. ఒకరి దగ్గరున్న ముక్క ఇంకొకరికి చేరలేదు. లార్డ్ లేమింగ్ విచారణ, దాని వెనకే 2004 పిల్లల చట్టం వచ్చాయి. పదహారేళ్లలోపు పిల్ల దగ్గరి బంధువు కాని వాళ్లింట్లో 28 రోజులు, ఆపైన ఉండబోతుంటే కౌన్సిల్‌కు చెప్పాలి. అవ్వ, తాత, బాబాయి, అత్త దగ్గరివాళ్లే. తాతకు తమ్ముడు, అవ్వకు చెల్లెలు ఆ లెక్కలోకి రారు. వాళ్లు రారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. "సొంత తాతను గాదా నేను?" అన్నాడు. చట్టానికి మన వరసలు తెలియవు. అయినా కౌన్సిల్‌కు ఫోన్ చెయ్యమనే చెప్పాను.

పోయిన వారం ఒక వ్యాసం కోసం బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడి పుస్తకం చదువుతున్నాను. తల్లికి దూరమైన పిల్లలు మొదట ఏడుస్తారు, తర్వాత దిగులుపడతారు, చివరికి ఏమీ పట్టనట్టు ఉంటారు. పీర్ల పండుగకు అమ్మ బస్సు దిగితే నేను ఎదురుపోయేదాన్ని కాదు, గుమ్మం వెనకాలే నిలబడేదాన్ని. పిల్లకు చెప్పకుండా పోవడం మంచిది కాదు, చెప్పి, ఏడవనిచ్చి పోవాలని క్లాసులో నేర్పారు. ఫోన్ చేసి అడిగాను. "ఎందుకు మాకు చెప్పకుండ పోయేటోళ్లు?"

"జెప్తె ఏడుస్తవని. నాలుగు గొట్టంగ బస్సు. మీరు పండుకున్నంక లేస్తుంటిమి."

"నేను పండుకోకపోయేదాన్ని" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"ఎర్కే. కండ్లు గట్టిగ మూస్కుంటుంటివి. నిద్రపోయేటోళ్లు గట్ల మూయరు." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఈసారి కందులకు ధర లేదని, తమ్ముడు మళ్లీ అప్పు చేశాడని, నేను మాత్రం చలికి పైలంగా ఉండాలని చెప్పింది.

వ్యాసం శుక్రవారానికి ఇవ్వాలి. రెండు వేల పదాలు. ఫోన్‌లో అమ్మ అన్నదాన్ని ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.